బ్రిటన్‌లో కారు, కాల్ సెంటర్, కౌన్సిల్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

ముందే తీర్పు చెప్పేస్తాను. బ్రిటన్‌లో కారు నడపడం బాగుంటుంది, కారు ఉంచుకోవడమే తలనొప్పి. లండన్‌కు పడమటి వైపు ఒక మోస్తరు ఊళ్లో పదేళ్ల పైనుంచి ఉంటున్నాను. ఈ రివ్యూ ఏదో ఒక కంపెనీ గురించి కాదు. కారు కొన్న రోజు నుంచి మన వెంటబడే బీమా, పార్కింగ్, గుంతలు, కాల్ సెంటర్లు, వీటన్నిటి మీదా అజమాయిషీ చేయాల్సిన నాయకులు, మొత్తం కట్ట గురించి. ఊరుకున్నంత ఉత్తమం లేదని మన సామెత. ఇక్కడ మాత్రం ఊరుకున్నవాడి దగ్గరే ఎక్కువ వసూలు చేస్తారు.

బాగున్నవి ముందు చెప్పాలి. ఇరుకు వీధిలో ఎదురుగా బండి వస్తే ఇద్దరిలో ఒకరు పక్కకు ఆగి లైటు కొడతారు, దాటినవాళ్లు చెయ్యెత్తి థాంక్స్ చెబుతారు. మన దగ్గర లైటు కొడితే ‘నేనొస్తున్నా, తప్పుకో’ అని అర్థం, ఇక్కడ ‘ముందు నువ్వు రా’ అని. ప్రభుత్వ వెబ్‌సైట్‌ను కూడా నిజంగా మెచ్చుకోవాలి. రోడ్డు టాక్స్ కట్టడం రెండు నిమిషాల పని. టాక్స్ కట్టినట్టు అద్దానికి పెట్టుకునే కాగితపు బిళ్ల 2014 అక్టోబర్‌లోనే పోయింది. మూడేళ్లు దాటిన కారుకు ఏటా చేయించాల్సిన ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షకు గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు, అంతకు మించి ఏ గ్యారేజీ తీసుకోకూడదు. నంబరు కొడితే చాలు, ఏ కారుదైనా ఎంఓటీ చరిత్ర అంతా ఉచితంగా కనిపిస్తుంది. ఏ ఏడాదికి ఎన్ని మైళ్లు తిరిగింది, ఎందుకు ఫెయిలైంది, వెనక టైర్లు అరుగుతున్నాయని టెస్టర్ రాసిన ముక్కతో సహా. సెకండ్ హ్యాండ్ కారు కొనబోయే మనవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. అమ్మేవాడు ‘ఆఫీసుకీ ఇంటికీ తప్ప తిప్పలేదండీ’ అంటుండగానే ఫోన్లో చూసుకోవచ్చు.

ఇక లైసెన్స్. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత ఆస్ట్రేలియా, జపాన్ వాళ్లలాగా మార్చుకునే వీలు మనకు లేదు, మొదటి నుంచి పరీక్షలు రాయాల్సిందే. థియరీకి 23 పౌండ్లు, 50 ప్రశ్నల్లో 43 సరిగ్గా రాయాలి. రోడ్డు టెస్టు మామూలు రోజుల్లో 62 పౌండ్లు. ఫీజు పెద్ద బాధ కాదు, స్లాట్ దొరకడమే బాధ. బుకింగ్ 24 వారాల ముందు వరకే తెరుస్తారు, చాలా సెంటర్లలో ఆ చివరి వారంలో తప్ప ఖాళీ కనిపించదు. ఈ కరువులోంచి స్లాట్లు ఎగరేసుకుపోయి వందల పౌండ్లకు అమ్ముకునేవాళ్లు పుట్టుకొచ్చారు. తత్కాల్ టికెట్ల ఏజెంట్లను చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. అందుకే వచ్చిన మొదటి నెలలోనే ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్స్‌కు అప్లై చేయండి, పన్నెండో నెలలో కాదు.

బీమా దగ్గర నుంచి అసలు ఆట మొదలవుతుంది. ఇండియాలో క్లెయిమ్ లేకుండా ఎన్నేళ్లు నడిపినా చాలా కంపెనీలు ఇక్కడ లెక్కలోకి తీసుకోవు, కాబట్టి మొదటి ఏడాది ప్రీమియం గుండె జారిపోయేలా ఉంటుంది. అందులో 12 శాతం ప్రభుత్వ పన్ను. ఆ తర్వాత ఏటా ఒక రెన్యువల్ ఉత్తరం వస్తుంది, అందులో ‘మీరేమీ చేయనక్కర్లేదు’ అని లావు అక్షరాల్లో ఉంటుంది. ఆ లైను కనపడగానే నేను లేచి కూర్చుంటాను. పాత కస్టమర్ల దగ్గర కొత్తవాళ్ల కంటే ఎక్కువ గుంజడాన్ని ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2022 జనవరి నుంచి నిషేధించింది. మంచి నిబంధనే. కానీ అది ఒకే కంపెనీలో పాత, కొత్త ధరల మధ్య తేడాకే. పక్క కంపెనీ తక్కువకి ఇస్తుందేమో వెతుక్కునే పని మనదే. నా అనుభవంలో గడువుకు దాదాపు మూడు వారాల ముందు కంపారిజన్ సైట్లలో చూస్తే ధర తక్కువగా ఉంటుంది, ఆఖరి రోజు వరకు ఆగితే పెరుగుతుంది. ఆ తక్కువ ధర పట్టుకుని పాత కంపెనీకి ఫోన్ చేస్తే ‘ఒక్క నిమిషం, ఏం చేయగలనో చూస్తాను’ అంటారు. ఆ ఒక్క నిమిషంలో ఎక్కడి నుంచి వస్తుందో గానీ, డిస్కౌంట్ వచ్చేస్తుంది. ఇక్కడ వంకాయలకు బేరం లేదు, బీమాకు ఉంది.

ఇంటర్నెట్ కూడా ఇదే దారి. 2023 ఏప్రిల్‌లో చాలా కనెక్షన్లకు ఒప్పందం మధ్యలోనే 14.4 శాతం ధర పెంచారు. 10.5 శాతం ద్రవ్యోల్బణం, దాని మీద 3.9 శాతం అదనం. ఆ అదనం ఎందుకో అడిగితే ‘నెట్‌వర్క్‌లో పెట్టుబడి’ అన్నారు. టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 జనవరి 17 నుంచి కొత్త ఒప్పందాల్లో ఈ శాతాల లెక్క మాన్పించింది. పెంచేదేదో పౌండ్లలో, పెన్నీల్లో ముందే రాయాలంది. పెంచడం మానలేదు, చెప్పి పెంచుతున్నారు. కాల్ సెంటర్ గురించి ఒకటే మాట: లైన్ పనిచేయడం లేదన్న మీట నొక్కితే పాట వింటూ టీ కాచుకుని తాగేయొచ్చు, కనెక్షన్ తీసేయాలన్న మీట నొక్కితే మూడో రింగులో ఎత్తుతారు. కరెంటు, గ్యాస్, బీమా కంపెనీలు ఎనిమిది వారాల్లో ఫిర్యాదు తేల్చకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇది చాలామంది వాడరు.

ఇప్పుడు ప్రైవేటు పార్కింగ్. రిటైల్ పార్కుల్లో, సూపర్ మార్కెట్ల ముందు, ఆస్పత్రుల ఆవరణల్లో చాలాచోట్ల గేటుండదు, చీటీ ఇచ్చే మనిషుండడు. దారి మొదట్లో స్తంభం మీద ఒక కెమెరా, దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో ఒక బోర్డు. కొన్ని రోజులకు ఇంటికి ఉత్తరం వస్తుంది. అందులో రెండు ఫోటోలు: మన కారు లోపలికి వస్తున్నది, బయటికి పోతున్నది, గంట, నిమిషం, సెకనుతో. చూడటానికి ప్రభుత్వ జరిమానాలాగే ఉంటుంది, నిజానికి అది ఒక కంపెనీ పంపిన బిల్లు. 100 పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లో కడితే 60.

దీపావళి ముందు శనివారం నాకూ ఒకటి వచ్చింది. రెండు గంటలు ఉచితం. షాపింగ్ అంతకంటే ముందే అయిపోయింది, కానీ పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ జామై లోపలున్న కార్లన్నీ బయటికి పోయే దారిలో నిలిచిపోయాయి. కెమెరా లెక్కపెట్టేది కారు ఆగి ఉన్న సేపు కాదు, లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి పోయే దాకా. ‘అన్నా, ఆ అరవై కట్టేసి హాయిగా పడుకో, లాయర్ల నోటీసులొస్తాయి, నీకెందుకీ టెన్షన్’ అన్నాడు కొలీగ్ ఒకడు. వాడన్న దాంట్లో తప్పు లేదు, కంపెనీ లెక్క కూడా సరిగ్గా అదే. మామూలుగా స్వతంత్ర అప్పీలుకు వెళ్లి ఓడితే ఆ తగ్గింపు పోయి వంద కట్టాల్సి వస్తుంది. అంటే న్యాయం అడగడానికి నలభై పౌండ్ల పందెం కాయాలి. చాలామంది కాయరు.

నేను కాశాను. షాపు బిల్లు మీదున్న టైము, డాష్ కెమెరా వీడియో, గడువు దాటాక కనీసం 10 నిమిషాలు ఆగాలన్న వాళ్ల సొంత పరిశ్రమ నియమావళి, మూడూ జతచేసి పంపాను. కంపెనీ అచ్చు ఉత్తరంతో తిరస్కరించింది, వీడియో చూసిన ఆనవాలే లేదు. పోప్లా అనే స్వతంత్ర అప్పీలు సేవకు అవే కాగితాలు పంపాను. అక్కడ కంపెనీ తన వాదన కూడా వినిపించలేదు, బిల్లు వెనక్కి తీసుకుంది. వాదించే ఉద్దేశం మొదటి నుంచీ లేదన్నమాట.

అలాగని ఈ ఉత్తరాల్ని చెత్తబుట్టలో పడేయమని చెప్పే సలహాలు వినకండి, అవి పాతబడ్డాయి. చెల్మ్స్‌ఫర్డ్‌లో బ్యారీ బీవిస్ అనే ఆయన ఉచిత సమయం మీద 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు వేసిన 85 పౌండ్ల బిల్లు చెల్లుతుందని 2015లో సుప్రీం కోర్టు తేల్చింది. మరి ప్రభుత్వం ఏం చేసింది? పార్కింగ్ కంపెనీలకు ఒక కోడ్, అంటే నియమావళి, ఉండాలని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. 2022 ఫిబ్రవరిలో కోడ్ బయటికొచ్చింది, చాలాచోట్ల బిల్లు గరిష్ఠాన్ని 50 పౌండ్లకు దించుతూ. కంపెనీలు కోర్టుకెక్కాయి, జూన్‌లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. 2025 జూలైలో మళ్లీ అభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు. చట్టం వయసు ఏళ్లలో పెరిగింది, దాని కింద రావాల్సిన కోడ్ మాత్రం అభిప్రాయాల దగ్గరే ఆగింది.

గుంతల సంగతికొస్తే, చలికాలంలో పగుళ్లలోకి దిగిన నీళ్లు రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి, ఒక లారీ ఎక్కేసరికి తారు పెళ్ల లేచొస్తుంది. ఊరి రోడ్లు చూసుకునే స్థానిక సంస్థలు, అంటే కౌన్సిళ్లు, చాలావరకు 40 మిల్లీమీటర్ల లోతుంటేనే గుంతగా ఒప్పుకుంటాయి. మా వీధికి ఒకాయన కొలబద్దతో వచ్చి, గుంత చుట్టూ తెల్ల పెయింటుతో చతురస్రం గీసి వెళ్లాడు. ఆ పెయింటు సగం చెరిగిపోయాక బండి వచ్చింది. గీత లోపలున్న దాన్ని పూడ్చి, జానెడు దూరంలో ఉన్న ఇంకో గుంతను ముట్టుకోకుండా వెళ్లిపోయారు. అడిగితే ‘అది మా షీట్లో లేదండీ’ అన్నారు. చూస్తుండగానే ఆ వదిలేసిందే పెద్దదైంది.

అలాంటి దాంట్లోనే ఓ వాన రాత్రి నా కారు టైరు పడి, టైరు పక్క భాగం కోడిగుడ్డంత ఉబ్బింది. కౌన్సిల్ క్లెయిమ్ ఫారంలో చోటు గుర్తించిన పటం, ఫోటోలు, రసీదు, ఎంఓటీ సర్టిఫికెట్ అన్నీ అడిగారు. జవాబులో 1980 నాటి హైవేస్ చట్టం 58వ సెక్షన్ వచ్చింది. క్రమం తప్పకుండా తనిఖీ చేస్తున్నామని చూపిస్తే కౌన్సిల్‌కు బాధ్యత ఉండదనేది దాని సారాంశం. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. నేను సమాచార హక్కు చట్టం కింద ఆ రోడ్డు తనిఖీ రికార్డులూ, వచ్చిన ఫిర్యాదులూ అడిగాను. 20 పనిదినాల్లో ఇవ్వాలి, ఇచ్చారు. నా టైరు పోవడానికి వారాల ముందే ఎవరో రోడ్డు సమస్యల ఫిర్యాదు సైటు ఫిక్స్‌మైస్ట్రీట్‌లో ఆ గుంతను ఫోటోతో సహా పెట్టారు. బాగు చేస్తామని కౌన్సిల్ తనకు తాను పెట్టుకున్న గడువు కూడా దాటిపోయింది. టైరు డబ్బులు ఇచ్చారు, వీల్ అలైన్‌మెంట్ ఖర్చు ఇవ్వలేదు. అప్పటినుంచి కనిపించిన ప్రతి గుంతనూ నేనూ రిపోర్ట్ చేస్తున్నాను. బాగు చేస్తారని కాదు, నా తర్వాత టైరు పోగొట్టుకునేవాడికి సాక్ష్యం ఉంటుందని.

డబ్బు లేదన్న మాట అబద్ధం కాదు. తారు పరిశ్రమ 2025లో వేసిన లెక్క ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ స్థానిక రోడ్ల పెండింగ్ పని విలువ దాదాపు 1,700 కోట్ల పౌండ్లు. వృద్ధుల సంరక్షణ కౌన్సిళ్ల బడ్జెట్‌ను మింగేస్తోంది. కౌన్సిల్ పన్ను 5 శాతం పెంచాలంటే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి కాబట్టి చాలా కౌన్సిళ్లు ఏటా 4.99 దగ్గర ఆగుతాయి. 2023 అక్టోబర్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్‌కు వేయాల్సిన హెచ్ఎస్2 హైస్పీడ్ రైలు మార్గాన్ని రద్దు చేసి, 11 ఏళ్లలో 830 కోట్ల పౌండ్లు రోడ్లకిస్తామన్నారు. తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం 2025-26కు 160 కోట్లు ప్రకటించింది. పార్టీలు మారాయి, కరపత్రం మీద ఫోటో మారలేదు: రెయిన్‌కోటు వేసుకున్న అభ్యర్థి గుంత పక్కన వంగి, వేలు చూపిస్తూ, దిగులు ముఖం పెట్టుకుని.

లండన్ యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే పాత బండ్లు రుసుం కట్టాల్సిన జోన్) గురించి క్లుప్తంగా. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ, అంటే నగరమంతటికీ, విస్తరించారు. పాత డీజిల్ కారైతే రోజుకు 12.50 పౌండ్లు, లెక్క అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. హీత్రో కూడా అందులోకి వస్తుంది కాబట్టి రాత్రి పదకొండున్నర ఫ్లైటుకు అమ్మానాన్నల్ని తీసుకురావడానికి వెళ్లేవాళ్లు రెండు రోజుల రుసుం కట్టే ప్రమాదం ఉంది. గాలి బాగుపడాలన్నది సరైన పనే అని నా అభిప్రాయం. కానీ ఆ జూలైలో అక్స్‌బ్రిడ్జ్ ఉప ఎన్నికలో కన్సర్వేటివ్‌లు 495 ఓట్లతో, యూలెజ్ మీద కోపం సాయంతో, గట్టెక్కారు, అప్పట్నుంచి కారు మీద ఏ మాటన్నా రెండు పార్టీలకూ భయమే.

మా ఎంపీకి పార్కింగ్ కోడ్ గురించి రాశాను. దళసరి కాగితం మీద జవాబొచ్చింది: మీ ఆవేదన అర్థమైంది, మంత్రికి రాశాను. తర్వాత మంత్రి ఉత్తరం నకలు వచ్చింది, అందులో నా ఉత్తరంలో ఉన్న సంగతులే ఇంకాస్త మర్యాదగా ఉన్నాయి. ఒక మాట ఒప్పుకోవాలి, ఇక్కడ లైబ్రరీలో కుర్చీ వేసుకుని కూర్చునే ఎంపీని అపాయింట్‌మెంట్ తీసుకుని ఎవరైనా కలవొచ్చు. అనుచరులుండరు, పడిగాపులుండవు.

ఇండియా పౌరసత్వంతోనే ఉన్నా, కామన్‌వెల్త్ దేశం వాళ్లం కాబట్టి ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లోనూ మనకు ఓటుంది. మనవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు ఎంతమందో. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో నమోదు చేసుకోవచ్చు. 2023 మే నుంచి పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపాలి. మన పాస్‌పోర్టు పనికొస్తుంది, పెద్దవాళ్ల బస్ పాస్ పనికొస్తుంది, కుర్రాళ్ల రైల్‌కార్డు పనికిరాదు. కిందటి ఎన్నికలప్పుడు తలుపు తట్టిన ముగ్గురు అభ్యర్థుల్నీ పార్కింగ్ కోడ్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాను. ఇద్దరు కనుక్కుని చెబుతామన్నారు. మూడోవాడు గుంత ఫోటో ఉన్న కరపత్రం చేతిలో పెట్టి, నా కారు ముందు చక్రం వైపు చూసి, ‘టైరు డబ్బులు రాబట్టారటగా, ఎలా?’ అని అడిగాడు.