భుజంలో వేసే యాంకర్: టైటానియమా, కరిగేదా, ఉత్త దారమా?

భుజం ఆపరేషన్ చేయించుకుని నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు చాలామంది బిల్లు చూపించి అడుగుతారు: "ఈ యాంకర్ మంచిదేనా మేడమ్? కరిగేది వేయించుకుంటే బాగుండేదా?" ఆ ప్రశ్న ఆపరేషన్‌కు ముందు అడిగితే ఉపయోగం. అందుకే రాస్తున్నాను.

భుజాన్ని తిప్పే కండరాలను ఎముకకు కలిపే పట్టీ, అంటే రొటేటర్ కఫ్ టెండన్, ఎముక నుంచి ఊడితే దాన్ని మళ్లీ ఎముకకు కట్టాలి. వెనకటి రోజుల్లో ఎముకకు బెజ్జాలు పెట్టి, దారం దూర్చి కట్టేవారు. ఇప్పుడు ఎముకలోకి యాంకర్ అనే చిన్న స్క్రూ లాంటిది దించి, దానికున్న దారాలతో టెండన్‌ను కుడుతున్నారు. పశువును కట్టే గుంజ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. టెక్సస్ సర్జన్ స్టీఫెన్ బుర్ఖార్ట్ 1995లో యాంకర్‌ను ఏ కోణంలో దించాలో చెప్పడానికి, కంచె మూల స్తంభాన్ని లాగిపట్టేందుకు నేలలో పాతిపెట్టే బండను ఉదాహరణగా తీసుకున్నారు. గుంజ ఎంత గట్టిదైనా నేల గుల్లదైతే ఊడివస్తుంది కదా. ఎముకా అంతే.

టైటానియం గట్టిది. ఎక్స్‌రేలో కనిపిస్తుంది కాబట్టి వదులైనా, పక్కకు జరిగినా తెలుస్తుంది. కానీ కీలులోకి జారితే మృదులాస్థిని గీరేస్తుంది. ఎమ్మారైలో దాని చుట్టూ బొమ్మ చెదురుతుంది. రెండోసారి ఆపరేషన్ అవసరమైతే అడ్డం వస్తుంది.

"కరిగేది" అనగానే అందరికీ ఆశ. తొలినాటి రకాలు మరీ త్వరగా కరిగి, కొందరికి కీలులో వాపు, ఎముకలో గుంతలు తెచ్చాయి. తర్వాతివి కరగడానికి ఏళ్లు తీసుకున్నాయి. ఇప్పుడు కాల్షియం ఫాస్ఫేట్ కలిపిన బయోకాంపోజిట్ రకాలు వచ్చాయి. అవి కరిగేకొద్దీ ఆ చోట ఎముక పెరగాలన్నది ఉద్దేశం. అయితే గట్టి ఎముకలో బిగించేటప్పుడు విరిగే ప్రమాదం ఉంది.

పీక్ అనే ప్లాస్టిక్ కరగదు, ఎమ్మారైని పాడుచేయదు. అవసరమైతే దాని మీదుగానే డ్రిల్ చేయవచ్చు. ఎక్స్‌రేలో మాత్రం కనపడదు.

ఆల్-సూచర్ యాంకర్‌లో స్క్రూనే ఉండదు. దారం ఎముక పైపొర కింద ముడుచుకుని ఉండలా పట్టుకుంటుంది. దీనికి చిన్న బెజ్జం చాలు. కబడ్డీ ఆడుతూ పదేపదే భుజం జారే కుర్రాడికి యాంకర్ దించాల్సింది భుజం కీలు గూటి అంచున, అక్కడ చోటు తక్కువ కాబట్టి నాకు ఇదే నచ్చుతుంది. అదే అరవై ఐదేళ్ల అమ్మగారికి ఎముక పైపొర పలచబడి ఉంటే ఉత్త దారం మీద ఆధారపడాలంటే నాకు భయమే. మరలున్న పీక్‌గానీ బయోకాంపోజిట్‌గానీ మేలనిపిస్తుంది. తుది మాట ఎముకను చూసి సర్జన్ చెప్పాలి.

లోహాన్నీ కరిగేదాన్నీ పోల్చిన పరిశోధనల్లో చేతి పనితీరులో పెద్ద తేడా రాలేదు. కాబట్టి అప్పు చేసి మరీ ఖరీదైన రకం అడగకండి. రిపేరు విఫలమైతే ఎక్కువగా యాంకర్ ఊడటం వల్ల కాదు, దారం టెండన్‌ను కోసుకుని వచ్చేయడం వల్ల. నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) తీయొద్దని మేం బతిమాలేది అందుకే. నొప్పి తగ్గిందని మూడో వారంలోనే నీళ్ల బిందె ఎత్తితే ఏ యాంకరూ కాపాడలేదు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు యాంకర్ స్టిక్కర్ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. తర్వాత ఎమ్మారై తీయాల్సివస్తే మొదట అడిగేది దాన్నే.