గోలీ గురించి, కల్లు గురించి ఒకేచోట అడిగే బృందం

హెచ్‌ఐవీతో జీవిస్తూ కల్లుకో గుడుంబాకో అలవాటుపడిన పల్లె మహిళల కోసం, అదే దారిలో నడిచి వచ్చిన మహిళలే హైదరాబాద్‌లో నడుపుతున్న ఒక సహాయ బృందానికి మా దగ్గరి బంధువుకు తోడుగా వెళ్తున్నాను. బృందం పేరు, వీధి ఇక్కడ రాయడం లేదు. అక్కడికి వచ్చేవారు కోరింది అదే. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం కూడా ఒకరి స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదంటుంది.

మందులిచ్చే చోట కల్లు మాట ఎత్తితే చీవాట్లు పడతాయి, మత్తు మాన్పించే చోట హెచ్‌ఐవీ మాట ఎత్తితే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. అందుకే ఈ ఆడవాళ్లు ఒక్కోచోట ఒక్కోటి దాస్తారు. ఈ బృందంలో రెండింటినీ కలిపే అడుగుతారు. హెచ్‌ఐవీకి ఇప్పుడు చాలామందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన, రోజుకు ఒక్కటి చాలే మాత్ర. తాగిన రోజు దాన్ని మింగితే విషమవుతుందన్న భయంతో కావాలని మానేసేవాళ్లు ఎంతోమంది. ‘తాగినా సరే, గోలీ మాత్రం బంద్ పెట్టకు చెల్లె, పొద్దున చాయ్ తాగినంక వేసుకో’ అని బృందంలోని పెద్దామె ఒకామెకు చెప్పడం విన్నాను. తాగడం మంచిదని ఆమె అనలేదు. కాలేయం సంగతి, క్షయ రాకుండా ఐసోనియాజిడ్ వాడుతున్నవారు తాగుడు విషయాన్ని డాక్టరుకు తప్పక చెప్పాలన్న సంగతి కూడా వెంటనే వివరించింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది కల్లు మాన్పించే పద్ధతి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు కనుక, ఏళ్లతరబడి తాగినవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, మతి తప్పి మాట్లాడతారు. 2020లో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి లక్షణాలతోనే జనం పోటెత్తారు. అందుకే ఇక్కడ దేవుడి పటం ముందు ఒట్టు వేయించరు (మన ఇళ్లలో మొదట చేసే పని అదే). ముందు మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు, తోడుగా బృందంలోంచే ఒకరు వెళ్తారు.

చిన్న చిన్న ఉపాయాలు కూడా అనుభవం ఉన్నవాళ్లకే తడతాయి. మందు డబ్బాను సంచిలో వేసుకుంటే బస్సు కుదుపులకు గలగలమంటుంది, పక్కనున్నవాళ్లు ఏమిటని అడుగుతారు. డబ్బాలోంచి మాత్రలు తీయకుండా, పైనున్న ఖాళీలో దూది కుక్కి, లేబుల్ చించేయడం ఇక్కడ మొదటిరోజే నేర్పుతారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మగవాళ్లు ఎత్తితే ‘పొదుపు సంఘం నుంచి’ అంటారు.

లోపాలూ ఉన్నాయి. సమావేశం పనిదినాల్లోనే పెడతారు, వచ్చినామెకు ఆ రోజు కూలి పోయినట్టే. విడిగా మాట్లాడే గదికి గోడ లేదు, ప్లైవుడ్ అడ్డు మాత్రమే ఉంది. ఒకామె ఏడుస్తుంటే ఇవతల బెంచీ మీదున్న మా అందరికీ వినిపించింది. ఇంత జాగ్రత్తపడే బృందం దీన్ని ఎందుకు వదిలేసిందో నాకు అర్థం కాలేదు. ఆదిలాబాద్ వంటి దూరపు జిల్లాల నుంచి వచ్చేవారికి రాత్రి ఉండే ఏర్పాటు లేదు. తాగుడు మీద గోడకు అతికించిన బొమ్మల్లో తాగుతున్నవాళ్లంతా మగవాళ్లే. అయినా ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వడానికి నాకు సంకోచం లేదు.

ఇలాంటి బృందాల వివరాలను మీరు మందులు తీసుకునే ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌ను అడగవచ్చు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. వెళ్లేటప్పుడు మందుల పుస్తకం, వాడుతున్న మిగతా మాత్రలు వెంట ఉంచుకోండి. ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద మహిళలకున్న ఉచిత ప్రయాణానికి ఆధార్ వంటి గుర్తింపు కార్డు కూడా కావాలి. కండక్టర్ తప్ప దాన్ని ఇంకెవరూ అడగరు.