‘టేకు బర్డ్ ఫీడర్ కిట్’ కొనేముందు పలక అంచు చూడండి

వడ్రంగం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న బర్డ్ ఫీడర్ (పిట్టలకు గింజలు పెట్టే పెట్టె) కిట్ తెప్పించాం. ‘అసలు టేకు, ఎండావానా తట్టుకుంటుంది’ అన్నారు. వచ్చింది ఎండీఎఫ్ అనే పీచు పలక, పైన టేకు చారలు అచ్చేసిన కాగితం. మొదటి వానకే అడుగు పలక ఉబ్బి పొరలుగా విచ్చుకుంది. నీళ్లు పోవడానికి ఒక్క బెజ్జమైనా లేదు, గింజలు నాని బూజు పట్టాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, బూజు గింజలు పిచ్చుకలకు జబ్బు తెస్తాయి. నా కోపమంతా అందుకే.

ఎండీఎఫ్ అంటే కర్ర పీచును జిగురుతో కలిపి వేడిలో నొక్కిన పలక. ఆ జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్. ఇంట్లో అల్మరాకి పనికొస్తుంది గానీ బయట వానలో నిలవదు. పైగా అంచులోకి మేకు కొడితే చీలిపోతుంది. పిల్లలు తమకు చేతకాక చీలిందనుకుంటారు, పాపం.

కాబట్టి కోసిన అంచు ఫొటో పంపమని అమ్మేవాళ్లని ముందే అడగండి. అసలు చెక్కయితే అంచులోనూ చారలు, వలయాలు కనిపిస్తాయి. ఎండీఎఫ్ అంచు అట్టలా నున్నగా ఉంటుంది. పంపనంటే కొనకండి.

కిట్‌లో పేరూ ఊరూ లేని రంగు సీసా కూడా ఉంది. అది వాడకండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదని 2017 నవంబరు నుంచి నియమం ఉంది, ఆ వివరం డబ్బా మీద ఉండాలి. గింజలు పడే చోట అసలు ఏ రంగూ వద్దు.

దీనికంటే టింబర్ డిపోలో మిగులు ముక్కలు అడగడం మేలు. అరంగుళం మందం చాలు. స్క్రూకి ముందు సన్నటి బెజ్జం వేస్తే చీలదు, అడుగున నాలుగు మూలలా పావంగుళం బెజ్జాలు పెడితే నీరు నిలవదు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క దొరికితే ముద్ర చూడండి: ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది, ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. ఎంబీది ముట్టుకోవద్దు.

కిట్ డబ్బు వెనక్కి అడిగితే, ‘బిగించాక వాపసు లేదు’ అని అమ్మినవాళ్ల నుంచి మాకు జవాబొచ్చింది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, డబ్బు ఇంకా రాలేదు. మీ ఇంటికి ఇలాంటి పెట్టె ఇప్పటికే వచ్చి ఉంటే, ఒక్క మేకు కూడా కొట్టకముందే అంచులు ఫొటో తీసి, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్‌తో కలిపి వాపసు అడగండి.