బొప్పాయి తోటకు ఏది మేలు: ఆడ, మగ రకమా, ద్విలింగ రకమా?

నల్లగొండ దిక్కు బోరు కింద బొప్పాయి పెడదామనుకుంటే నర్సరీలో ముందు అడగాల్సింది మొక్క ధర కాదు, అది ఏ రకం పూత పూస్తుందని. మొక్క ఆడదో మగదో నాటిన మూడు, నాలుగు నెలలకు, పూత వస్తేగానీ బయటపడదు. అప్పటికే ఎరువుకు, కూలికి డబ్బు పోసి ఉంటాం. తాటిలో ఈ టెన్షన్ లేదు. పోతుతాడైనా పండుతాడైనా గౌడన్నకు కల్లు ఇస్తుంది!

వాషింగ్టన్, కో-2, పూసా డ్వార్ఫ్ రకాల్లో ఆడ, మగ చెట్లు వేరు. ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. కాబట్టి గింజల్లో సగం ఆడ, సగం మగ. పూత చూసి ఒకటి ఉంచుకుందామని గుంతకు మూడు మొక్కలు పెట్టినా, సగటున ఎనిమిది గుంతల్లో ఒకదానిలో మూడూ మగవే వస్తాయి. మగవన్నీ పీకేయడమూ కుదరదు. పుప్పొడి కోసం పదో వంతు ఉంచాలి.

రెడ్ లేడీ, అర్క సూర్య, కూర్గ్ హనీడ్యూలలో మగ చెట్లు రావు. ఆడవి, ద్విలింగ చెట్లు (ఒకే పూవులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండేవి) మాత్రమే వస్తాయి. ద్విలింగ చెట్టులో ఎక్స్‌కు తోడు, కొద్దిగా మారిన వై ఉంటుంది. దాని పూలను దాని పుప్పొడితోనే ఫలదీకరిస్తే, రెండు వైలు కలిసిన పిండం బతకదు. మిగిలిన గింజల్లో రెండు ద్విలింగానికి ఒక ఆడ లెక్కన వస్తాయి. అలాంటి గింజలతో గుంతకు మూడు మొక్కలు పెడితే, 27 గుంతల్లో సగటున 26 గుంతలకు కనీసం ఒక ద్విలింగ మొక్క ఖాయం. పొడుగు కాయ ఇచ్చేది ఇదే, వ్యాపారి అడిగేదీ అదే. ఆడ చెట్టు కాయ గుండ్రంగా ఉంటుంది.

అయితే మన ఎండ సంగతి వేరు. వేడి పెరిగినా నీటి ఎద్దడి వచ్చినా ద్విలింగ పూలలో అండాశయం ఎదగక అవి మగ పూలలా మారి రాలిపోతాయి. మేలో 45 డిగ్రీలకు చేరే ఈ నేలలో అదే పెద్ద దెబ్బ. ఆడ చెట్టు మాత్రం మారదు, పుప్పొడి అందితే చాలు.

నీళ్లకు భరోసా ఉండి, కాయ మార్కెట్‌కు పంపే రైతుకు నా ఓటు ద్విలింగ రకానికే. డ్రిప్, మల్చింగ్ (మొక్క మొదట్లో నేలను కప్పి ఉంచడం) మాత్రం తప్పనిసరి. మధ్యలో వచ్చిన ఆడ చెట్లను గుండ్రటి కాయలు కాస్తాయని పీకేయొద్దు, ఎండాకాలంలో దిగుబడి నిలబెట్టేది అవే. ఎండాకాలం బోరు వట్టిపోయే చోట ఆడ, మగ రకమే కాస్త నయం, కానీ కాయ ధరలో కొంత వదులుకోవాలి. ఇంటి పెరట్లో ఒక్క చెట్టుకే జాగా ఉంటే ఆలోచించే పనే లేదు, పూత చూసి ద్విలింగ మొక్కనే ఉంచుకోవాలి.