డెమక్స్‌తో గొంతు తీశా, తబలా దగ్గర దొరికిపోయా

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఏటా వినాయకచవితికి పాటల ప్రోగ్రాం ఉంటది, ట్రాక్‌లు రెడీ చేసే పని ప్రతిసారీ నా మెడకే. కొత్త పాటలైతే కరోకే రెడీగా దొరికేస్తది, మా రెండో ఫ్లోర్ బాబాయ్ అడిగే పాటలకి ఎవడు చేసి పెడతాడు? అందుకే ఈసారి డెమక్స్ పట్టుకున్నా. పాటలోంచి గొంతు, వాయిద్యాలు విడదీసే ఏఐ సాఫ్ట్‌వేర్ అది, మెటా రీసెర్చ్ వాళ్లు చేసింది, ఫ్రీ. కమాండ్లు కొట్టుకుంటూ కూర్చునే ఓపిక లేక అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే బటన్లు నొక్కే యాప్ (ఇదీ ఫ్రీయే) వేసుకుని అందులోంచి నడిపించా.

ఇంతకుముందు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఎడమ చానల్లోంచి కుడిది తీసేసేవాణ్ణి, గొంతు రెండిట్లో ఒకేలా ఉంటది కాబట్టి పోయేది, కానీ బేసూ కిక్ డ్రమ్మూ కూడా మధ్యలోనే ఉంటాయి కదా అవీ పోయేవి, మిగిలేది రేకుడబ్బాలో పాట. మోనో పాటైతే (రెండు చానల్స్‌లోనూ ఒకటే ఉంటది) అసలు ఏమీ మిగలదు. డెమక్స్ అలా తీసివేత లెక్క చెయ్యదు, విడివిడి ట్రాకులున్న పాటలు వందలకొద్దీ విని నేర్చుకుంది, గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగు ఫైళ్లు చేతిలో పెడతది. గ్రాఫిక్స్ కార్డ్ లేని నా లాప్‌టాప్‌లో 5 నిమిషాల పాటకి 7, 8 నిమిషాలు పట్టింది, ఫ్యాన్ గోల అదనం. గొంతు ఫైల్ ఒక్కటే పెట్టి వింటే సింగర్ ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది, ఒళ్లు జలదరించింది నిజంగా.

మరి గొడవ ఎక్కడంటే, మూడో ఫ్లోర్ పిల్లాడు తబలా నేర్చుకుంటున్నాడు, స్టేజీ మీద వాడే వాయిస్తాడని డ్రమ్స్ ఫైల్ మ్యూట్ చేశా. కుడిచేతి దెబ్బలు చాలావరకు పోయాయి, ఎడమచేతి గుమ్మనే దెబ్బలు మాత్రం బేస్ ఫైల్లో దాక్కుని కూర్చున్నాయి! డెమక్స్ నేర్చుకున్న పాటల్లో ఎక్కువ వెస్టర్నే, తబలా సంగతి దానికేం తెలుసు. రిహార్సల్‌లో బాబాయ్ విని "ఏరా, ఆ తబలా ఆయనకి ఒక చెయ్యే ఉందా" అన్నాడు. గిటారు, పియానో కూడా విడదీసే ఆరు ఫైళ్ల మోడల్ ఒకటుంది, పియానో సరిగ్గా రాదని చేసినవాళ్లే రాసి పెట్టారు కాబట్టి దాని జోలికి పోలా.

గొంతు ఒక్కటే తీసి మిగతా మూడూ మళ్లీ కలిపేస్తే మాత్రం తబలా బానే అతుక్కుంటది, కోరస్ ఉన్నచోట అది కూడా గొంతుతో పాటే పోతది, అక్కడ మా ఆడవాళ్ల బ్యాచ్‌ని పాడమన్నా. కరోకే కోసమైతే 5కి 4. పిల్లాడికి వేరే పాట ఇచ్చాం, తబలా లేనిది.