పాత స్మోక్‌లెస్ పౌడర్‌తో తూటాలు నింపితే: చాలాకాలం వాడాక నా సమీక్ష

పాత స్మోక్‌లెస్ పౌడర్ (ఈ కాలం తూటాల్లో పోసే, పొగ పెద్దగా రాని మందు) పనికొస్తుందా అని షూటింగ్ రేంజ్‌లో మనవాళ్లు అడుగుతుంటారు. పనికొస్తుంది. నా తూటాల్లో ఎక్కువ భాగం నా పెళ్లికి ముందు తయారైన పౌడర్‌తో నింపినవే. అయితే అది ఏ సంవత్సరం సరుకు అన్నదాని కంటే, ఇన్నేళ్లూ ఎక్కడ పడి ఉందన్నదే అసలు సంగతి.

నేనుండేది డాలస్ దగ్గర. ఇక్కడ రీలోడింగ్, అంటే కాల్చేసిన తూటాల కేసులను మళ్లీ నింపుకునే పని, చేసే పెద్దవాళ్లు పోయాక పిల్లలు గ్యారేజీ సామానంతా ఎస్టేట్ సేల్‌లో పెట్టేస్తారు. తూటాలు నింపే ప్రెస్, దాని అచ్చులైన డైలు, బకెట్ల నిండా ఖాళీ ఇత్తడి కేసులు, ఓ మూల పౌడర్ డబ్బాలు. 2020 తర్వాత కొరత వచ్చి, 30 డాలర్ల లోపు దొరికే పౌండు డబ్బా 50 దాటాక వీటికి గిరాకీ పెరిగింది. వయసు కనిపెట్టడం కొంతవరకు తేలికే. డబ్బా మీద హెర్క్యులిస్ అనే కంపెనీ పేరుంటే ముప్పై ఏళ్ల కిందటి మాట; ఆ వ్యాపారం 1995లో అలయంట్ చేతికి వెళ్లింది. ఐఎమ్ఆర్ రకం పౌడర్ డబ్బా మీద డూపాంట్ కంపెనీ పేరుంటే ఇంకా పాతది.

నేను ఎక్కువగా వాడింది ఐఎమ్ఆర్ 4895. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు గారండ్ రైఫిల్ తూటాల్లో వాడిన పౌడర్ ఇదే. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన 4895ని కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన కొని, చిల్లరగా అమ్మి కంపెనీయే పెట్టేశాడు. అంటే ఇక్కడి రీలోడింగ్ వ్యాపారంలో ఓ పెద్ద కంపెనీ పుట్టిందే పాత పౌడర్ మీద. నాకు దొరికినవి డూపాంట్ కాలం నాటి రేకు డబ్బాలు. మూత తీస్తే గోళ్ల రంగు తుడిచే ద్రవంలా ఘాటుగా, కాస్త తియ్యగా వాసన కొట్టింది. అది మంచి లక్షణం. తెల్ల కాగితం మీద పోస్తే పెన్సిల్ ముల్లు తుంచి పోసినట్టు సన్నటి ముక్కలు, గ్రాఫైట్ మెరుపుతో, దేనికది విడివిడిగా. కాగితం దులిపితే ధూళి మిగల్లేదు. 150 గ్రెయిన్ల బరువున్న గుండుతో, దాని వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద చూస్తే సెకనుకు 2,700 అడుగుల చుట్టూ వచ్చింది. కొత్త డబ్బాతో తేడా ఉన్నా, అది లాటుకీ లాటుకీ (ఒక్కో విడత తయారీకీ) మామూలుగా ఉండే తేడానే.

అదే రకం డబ్బా ఇంకొకటి, వేరే ఇంటి నుంచి వచ్చింది, మూత తిప్పుతుంటేనే తెలిసిపోయింది. మూత లోపలంతా తుప్పు. కదిపితే ఇటుక పొడి రంగులో సన్నటి దుమ్ము లేచింది. వాసన ముక్కు లోపల గుచ్చినట్టు పుల్లగా ఉంది. ఇక తూకం వేయడం, పరీక్షించడం ఏమీ లేదు, పక్కన పెట్టేయడమే. పై పైన దుమ్ము జల్లించి కింది పొడి వాడుకోవచ్చని చెప్పేవాళ్లున్నారు. వినొద్దు.

ఎందుకంటే ఈ పౌడర్‌కు మూలం నైట్రోసెల్యులోజ్ అనే మండే పదార్థం. తయారైన రోజు నుంచే మెల్లగా విరిగిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది, ఆ వాయువులే మళ్లీ ఆ విరిగిపోవడాన్ని వేగం చేస్తాయి. వాటిని పట్టి ఉంచడానికి డైఫినైలమీన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. అది ఖర్చయిపోయాక ఇక అడ్డు లేదు. వేడి తగిలితే అది తొందరగా ఖర్చవుతుంది. ఫ్రాన్స్‌లోని టూలాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే ఫ్రెంచి యుద్ధనౌకలు పేలిపోయి వందల మంది చనిపోయారు. వాటిలోని ‘పౌడర్ బి’ అనే స్మోక్‌లెస్ పౌడర్ పాడవడమే అందుకు కారణమంటారు. మన పౌండు డబ్బాకు అంత కథ ఉండదు గానీ, టెక్సస్ జూలైలో గ్యారేజీ అటక మీద ఏళ్ల తరబడి కాగిన డబ్బా అంటే నాకు టెన్షనే. అలా అని కొత్తది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు: ఐఎమ్ఆర్ 4007 ఎస్ఎస్‌సీలో కొన్ని లాట్లు త్వరగా చెడిపోతున్నాయని 2016లో వెనక్కి పిలిచారు.

పాత పొడి అంటే బలం తగ్గి ఉంటుందిలే అనుకుంటారు చాలామంది. మూత సరిగా లేక ఎండిపోయిన పౌడర్ అందులోని తేమ, ద్రావకం పోగొట్టుకుని ఇంకా త్వరగా మండుతుంది, అంటే ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఏ పాత డబ్బా అయినా రీలోడింగ్ మాన్యువల్‌లోని కనీస కొలత దగ్గరే మొదలుపెడతాను, క్రోనోగ్రాఫ్ చూసుకుంటూ కొద్దికొద్దిగా పైకి వెళ్తాను. పేరు కూడా అక్షరం అక్షరం చూడాలి. హెచ్ 4831 (హాడ్జ్‌డన్ వాళ్లది), ఐఎమ్ఆర్ 4831 ఒకటి కావు, రెండోది వేగంగా మండుతుంది. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే తుపాకీకి ముప్పు తెచ్చుకున్నట్టే. లేబుల్ లేని డబ్బా, పెన్నుతో పేరు రాసిన సీసా ఎంత బాగా కనిపించినా నాకు వద్దు. రెండు డబ్బాల అడుగుబొడుగు కలిపేయడం అసలే వద్దు.

అనుమానం ఉన్న పొడితో తూటాలు నింపి దాచుకోవడం ఇంకా అన్యాయం. చెడిపోతున్న పొడి నుంచి వచ్చే ఆమ్లం ఇత్తడిని లోపల్నుంచే తినేస్తుంది. గుండు ఊడదీస్తే అడుగున ఆకుపచ్చ చిలుం కనిపిస్తుంది, కేసు మెడ పగులుతుంది.

చెడిపోయినదాన్ని నేను పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేస్తాను, నైట్రోజన్ ఎరువే కదా. గడ్డి బాగానే పచ్చబడింది, మా ఆవిడ మాత్రం పిల్లలు ఆడుకునే వైపు చల్లనివ్వలేదు. మంచివి ఇంట్లో ఏసీ ఉన్న గదిలో, అసలు డబ్బాల్లోనే, చెక్క అలమారలో ఉంటాయి. బిగుతైన ఇనుప బీరువాలో పెట్టొద్దు. నిప్పంటుకుంటే బయట భగ్గున మండి ఊరుకునేది, బంధించి ఉంటే బాంబవుతుంది.

మన దేశంలో ఉన్నవాళ్లు ఇది చదివి ఉత్సాహపడకండి. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆర్మ్స్ చట్టం కింద నేరం.

ధర విషయానికొస్తే, సీలు తీయని డబ్బా, లోపలి గదిలో ఉందని నమ్మకంగా తెలిస్తే కొత్తదాని ధరలో సగం వరకు ఇస్తాను. సీలు తీసిందైతే అక్కడే మూత తీసి వాసన చూడనిమ్మంటాను. చూడనివ్వకపోతే ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోను.