నాలుగేళ్లు వాడాక మా గాజు కిల్న్: దాని రెడీమేడ్ ప్రోగ్రాములతోనే నా గొడవ

ఈ చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (గాజు ముక్కల్ని వేడితో అతికించే కొలిమి) కొని నాలుగేళ్లు దాటింది. విజయనగరంలో మా ఇంటి వెనక షెడ్డులో ఉంటుంది. సైజు, వాట్లు, మూత ఎటు తెరుచుకుంటుంది అన్నవి అమ్మేవాళ్లే చెబుతారు. నేను చెప్పాలనుకున్నది కంట్రోలర్‌లో ముందే నింపి ఇచ్చిన ప్రోగ్రాముల గురించి. వాటి మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

మొదటి ఏడాది అవే వాడాను. కోస్టర్లు, చిన్న పళ్లేలు, అన్నీ 6 మిల్లీమీటర్ల మందం. ఒక్కటీ చెడలేదు. రాత్రి బటన్ నొక్కి పడుకుంటే మర్నాడు స్కూలు నుంచి వచ్చాక తీసుకోవడమే. అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనమన్నాను. ఇప్పుడైతే, అంతా ఒకే మందం ఉండే గాజుకైతే కొనండి అంటాను.

మా అక్క బొబ్బిలిలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి గాజు మీద వీణ చేసిస్తానని మాటిచ్చాను. అడుగున 3 మి.మీ. తేట గాజు రెండు పొరలు. దండికి పైన ఏమీ లేదు, సన్నగా రంగు గాజు పొడి మాత్రమే. కుండ దగ్గర ఇంకో రెండు పొరలు పేర్చాను. అంటే ఒకచోట 6, ఒకచోట 12. కుండ ఉబ్బెత్తుగా కనిపించాలని టాక్ ఫ్యూజ్ (పొరలు పూర్తిగా కరిగి కలిసిపోకుండా అతుక్కునేంత వేడి) బటన్ నొక్కాను.

తీసినప్పుడు ఎక్కడా మచ్చ లేదు. తుడిచి అలమారాలో పెట్టాను. మూడో రోజు రాత్రి అన్నాలు తింటుంటే టక్కుమని శబ్దం. “ఏటే, అలమారాలో ఏదో చిట్లినట్టుంది,” అంది అమ్మ. వెళ్లి చూస్తే పలక రెండు ముక్కలు. పగులు కింది అంచున మొదలై, కుండ దాకా వచ్చి, దాన్ని ఒరుసుకుంటూ తిరిగి, దండి పక్కనుంచి బయటికి పోయింది. వేలితో తాకితే అంచు కత్తిలా ఉంది. వేడెక్కేటప్పుడే పగిలి ఉంటే, ఆ తర్వాతి వేడికి అంచులు కరిగి నున్నబడేవి. గాజు చల్లారేటప్పుడు లోపల ఒత్తిడి మిగిలిపోయిందన్నమాట.

ముందు గాజు అమ్మినతన్ని అనుమానించాను, ఒకదానితో ఒకటి పొసగని గాజు కలిపి పంపాడేమోనని. పాడైన ఎల్‌సీడీ తెర నుంచి పోలరైజర్ ఫిల్ములు రెండు ఊడదీసి, వెలుతురు కనబడనంత చీకటయ్యేలా ఒకదానిపై ఒకటి తిప్పి, మధ్యలో గాజు పెట్టి చూశాను. గాజులో ఒత్తిడి ఉంటే ఆ చీకట్లో అక్కడ వెలుగు కనిపిస్తుంది. అవే గాజుల చిన్న ముక్కల్ని విడిగా, నెమ్మదిగా చల్లార్చి చూస్తే ఏ వెలుగూ లేదు. వీణ ముక్కల్లో మాత్రం కుండ చుట్టూ పాలలాంటి మసక వెలుగు. అమ్మినతన్ని మనసులోనే అయినా అనవసరంగా తిట్టుకున్నాను.

అప్పుడు ఆ రెడీమేడ్ ప్రోగ్రాంలో ఒక్కో మెట్టూ తెరిచి చూస్తే, ఎనీలింగ్‌కి, అంటే గాజులో ఒత్తిడి పోయేలా ఒక వేడి దగ్గర నిలిపి ఉంచడానికి, ఇచ్చింది ఒక్క గంట! ఆ తర్వాత కరెంటు ఆపేసి, కిల్న్ దానంతటది చల్లారేలా వదిలేస్తోంది. పలచటి భాగం ముందే చల్లారిపోతుంది, మందం భాగం ఇంకా వేడి పట్టుకుని ఉంటుంది. మా పలకని రెండుగా లాగేసింది ఆ తేడాయే.

నేను వాడేది బుల్స్‌ఐ అనే కంపెనీ గాజు. మందం ఒకేలా లేకపోతే, అన్నిటికన్నా మందమైన చోటికి రెట్టింపు లెక్కన ఎనీలింగ్ పెట్టమంటారు వాళ్లు. నా 12కి వాళ్ల పట్టికలో 25 మి.మీ. వరస అన్నమాట: 482 డిగ్రీల సెల్సియస్ దగ్గర 4 గంటలు, అక్కణ్ణుంచి 427 దాకా గంటకు 15 డిగ్రీలు, 371 దాకా గంటకు 27, తర్వాత గంటకు 90. 12 మి.మీ. వరసలో నాలుగున్నర గంటల్లో అయ్యే చల్లార్పు దీనికి పదమూడున్నర గంటలు పట్టింది. వేడెక్కేటప్పుడు కూడా తొందరపెట్టలేదు. రెండో వీణ ఫిల్ముల మధ్య నల్లగా, ప్రశాంతంగా కనిపించింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇప్పుడది అక్కావాళ్ల హాల్లో కిటికీ పక్కన ఉంది.

ఇంత కోపంలోనూ ఒక మంచి మాట చెప్పాలి. సొంత షెడ్యూల్ రాసుకోవడం ఈ కంట్రోలర్‌లో చాలా సులువు, ఎనిమిది మెట్లదాకా ఇస్తుంది. కరెంటు పోయి వస్తే ఆగినచోటి నుంచి మొదలవుతుందని కూడా ఇదివరకు తెగ మెచ్చుకున్నాను. అదీ సగమే నిజం. గంటకు 15 డిగ్రీలు దిగాల్సిన చోట ముప్పావుగంట కరెంటు పోతే గాజు ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. కంట్రోలర్ ఆ సంగతి పట్టించుకోకుండా ముందుకెళ్లిపోతుంది. మళ్లీ 482కి నెమ్మదిగా తీసుకెళ్లి మొత్తం ఎనీలింగ్ తిరిగి చేసుకోవాల్సింది మనమే. వానాకాలంలో రెండుసార్లు అలా చేశాను.

నెలకు నాలుగైదు ఫైరింగులు, సింగిల్ ఫేజ్ కనెక్షన్, రాత్రంతా కిల్న్ నడిచినా ఏమీ అనని అమ్మ. నా పరిస్థితికి ఇది సరిపోయింది. రోజూ ఆర్డర్లు దింపేవాళ్లకి ఒక్క ముక్కకి పద్నాలుగు గంటల చల్లార్పు కుదురుతుందో లేదో వాళ్లే చూసుకోవాలి.